తరవాణి కుండ నుంచి కొంబుచా సీసా దాకా: ఇంటి పులుపు మీద అనుమానాల చరిత్ర

పరిచయం

గోదావరి డెల్టా చరిత్ర అనగానే మనకు ధవళేశ్వరం ఆనకట్ట, కాలువలు, వరి పొలాలు గుర్తుకు వస్తాయి. 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ఆ ఆనకట్ట ఈ ప్రాంతపు పంటను ఎలా మార్చిందో పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. ఆ వరి బియ్యమై వంటింట్లోకి చేరాక జరిగిన చరిత్రను మాత్రం చాలా తక్కువమంది రాశారు. ఈ భాగంలో మీరు చదవబోయేది దానిలో ఒక చిన్న ముక్క.

ఒక సందర్భం ఊహించుకోండి. మీరు తాడేపల్లిగూడెంలో ఉంటున్నారు. వంటగట్టు మీద గాజు సీసాలో కొంబుచా పెట్టారు. ఏలూరు నుంచి మీ మేనత్త వచ్చింది. సీసా చూసి మొదట, "తీపి నీళ్లు పులియబెట్టావు, బుడగలొస్తున్నాయి. సారా ఊటకీ దీనికీ తేడా ఏమిటి?" అంది. తరువాత, "పైన ఆ తోలేమిటి, బూజు కాదూ?" అని అడిగింది. చివరికి కాస్త గొంతు తగ్గించి, "మా ఊళ్లో జనం రోడ్ల మీద పడిపోయింది మరిచిపోయావా? ఏ నీళ్లు పోశావు?" అంది.

ఇంటర్నెట్‌లో చదివిన నాలుగు ఆరోగ్య సూత్రాలు వల్లించి మీరు ఆమె నోరు మూయించవచ్చు. కాని చరిత్ర విద్యార్థి చేయవలసిన పని అది కాదు. ఆమె అడిగిన ప్రతి ప్రశ్న వెనుక ఈ జిల్లాల్లో నిజంగా జరిగిన సంఘటనలున్నాయి. భయం కూడా ఒక ఆధారమే. శాసనాన్ని చదివినట్టే దాన్నీ చదవాలి.

సీసాలో ఉన్నదేమిటి?

కొంబుచా అంటే పంచదార కలిపిన తేనీటిని పులియబెట్టిన పానీయం. ఇందులో రెండు రకాల సూక్ష్మజీవులు కలిసి పనిచేస్తాయి. ఈస్టు చక్కెరను తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును ఇస్తుంది. బాక్టీరియా ఆ ఆల్కహాలును అసిటిక్ ఆమ్లంగా, అంటే వెనిగర్‌లో ఉండే పులుపుగా మారుస్తుంది. ఆ బాక్టీరియా అల్లుకునే సెల్యులోజు పొరే అత్తయ్య చూసిన 'తోలు'. ఇలా సెల్యులోజును అల్లే బాక్టీరియాను ఇంగ్లండులో అడ్రియన్ బ్రౌన్ 1886లో వర్ణించాడు. ఈ సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి, మరో సందర్భంలో మళ్లీ వస్తుంది.

ఈ పానీయం చరిత్ర విషయంలో జాగ్రత్త అవసరం. క్రీ.పూ. 221 నాటి చైనా చక్రవర్తి దీన్ని తాగాడనీ, క్రీ.శ. 414లో 'కొంబు' అనే కొరియా వైద్యుడు దీన్ని జపాన్‌కు తెచ్చాడనీ సీసాల మీద అచ్చువేస్తారు. వీటికి సమకాలీన ఆధారాలు లేవు. జపాన్‌లో కొంబుచా అంటే అసలు సముద్రపు నాచుతో కాచే వేరే పానీయం. గట్టి ఆధారాలు దొరికేది ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో, రష్యా, జర్మనీ ప్రాంతాల్లో. రష్యన్లు దీన్ని 'తేనీటి పుట్టగొడుగు' అన్నారు. జర్మన్ వృక్షశాస్త్రవేత్త లిండౌ 1913లో దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. వ్యాపారానికి పాతదనం కావాలి, అందుకని పాతదనాన్ని తయారుచేసుకుంటుంది. మన ఊళ్లలో స్థలపురాణాలు పుట్టే తీరు తెలిసిన మీకు ఇది వింత కాదు.

తరవాణి కుండ

అత్తయ్య తన చిన్నతనాన్ని తలుచుకుంటే ఇలాంటి పాత్ర ఒకటి ఆమెకు గుర్తు రావచ్చు. గోదావరి జిల్లాల ఇళ్లలో వేసవి వచ్చిందంటే తరవాణి కుండ పెట్టేవారు. మట్టికుండలో అన్నం వార్చిన గంజి, కాసిన్ని మెతుకులు, నీళ్లు, ఉప్పు వేసి మూత పెడితే రెండు మూడు రోజులకు పులిసేది. సువాసనకు కొందరు నిమ్మాకులు వేసేవారు. పొద్దున ఆ పుల్లటి తేటను చద్దన్నంలో పోసుకుని, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని పొలానికి వెళ్లేవారు. ఎంత తీస్తే అంత గంజి తిరిగి పోసేవారు. కుండ ఖాళీ అయ్యేది కాదు. నిన్నటి పులుపు నేటి గంజిని పులియబెట్టేది.

కొంబుచాలోనూ జరిగేది ఇదే. పాత సీసాలోని పుల్లటి ద్రవాన్ని, పొరను కొత్త తేనీటిలో వేస్తారు. ఇంగ్లీషువాళ్లు ఆ పొరకు స్కోబీ అని పేరు పెట్టారు. మనకు అంతకన్నా మంచి మాట ఎప్పటినుంచో ఉంది: తోడు. పెరుగు తోడు కోసం పక్కింటికి గిన్నె పట్టుకుని వెళ్లిన వాళ్లకి స్కోబీ అంటే ఏమిటో విడిగా చెప్పక్కర్లేదు.

రెండూ ఒకటే అని మాత్రం అనకూడదు. తరవాణిలో ప్రధానంగా పనిచేసేది పెరుగును పులిపించే జాతి బాక్టీరియా, కొంబుచాలో వెనిగర్ బాక్టీరియా. ఒకదానికి ఆహారం గంజి, రెండోదానికి పంచదార. సంస్కృత వైద్య గ్రంథాలు కాంజికం అని పిలిచిన పుల్లటి గంజికి తరవాణి దగ్గరి చుట్టం. కొంబుచా దూరపు చుట్టం.

మరి ఈ కుండ ఎలా మాయమైంది? ఎవరూ నిషేధించలేదు. గంజి వార్చడం పోయింది, దానితో కుండా పోయింది. ప్రెషర్ కుక్కరులో, ఎలక్ట్రిక్ కుక్కరులో నీళ్లన్నీ అన్నంలోనే ఇంకిపోతాయి. ఫ్రిజ్ వచ్చాక మిగిలిన అన్నాన్ని పులియబెట్టే అవసరం తీరింది. వీటన్నిటికన్నా బలమైన కారణం, నా ఉద్దేశంలో, పరువు. చద్దన్నం పాలేరు తిండి అయింది, కాఫీ, ఇడ్లీ చదువుకున్నవాళ్ల తిండి అయ్యాయి. నిజానికి ఇడ్లీపిండి కూడా పులిసినదే, దాని మీద మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు.

చట్టం కళ్లతో చూస్తే

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. 'సారా ఊట' అన్న మాట అత్తయ్య నోట ఎలా వచ్చింది?

బ్రౌన్ తన బాక్టీరియాను వర్ణించిన 1886లోనే మద్రాసు ప్రభుత్వం ఆబ్కారీ చట్టం చేసింది. తాటిచెట్టుకు పన్ను, కల్లు దుకాణానికి వేలంపాట, సారాకు లైసెన్సు అన్నీ ఆ చట్టం కిందికి వచ్చాయి. అందులో 'మద్యం' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనాన్ని గమనించండి: కల్లు, సారా, బీరు మొదలైనవాటితో పాటు ఆల్కహాలు ఉన్న ప్రతి ద్రవమూ మద్యమే. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టంలోనూ దాదాపు ఇదే నిర్వచనం కొనసాగింది. అక్షరాలా చదివితే బాగా పులిసిన తరవాణి కూడా ఇందులో పడవచ్చు. అయినా ఆబ్కారీ వారికి కావలసింది ఆదాయం. పన్ను కట్టని కల్లుకుండ వారి కళ్లలో పడేది, ఇంటి పులుపు పడేది కాదు. చట్టం రాతకూ దాని అమలుకూ మధ్య ఉండే ఈ ఖాళీని చరిత్రకారులు ఎప్పుడూ వెతుకుతారు.

తరువాత వచ్చింది మద్యనిషేధ రాజకీయం. 1937 అక్టోబరులో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో నిషేధం మొదలుపెట్టింది. 1948 నాటికి అది గోదావరి జిల్లాలతో సహా మద్రాసు రాష్ట్రమంతటా వ్యాపించింది. గీత కార్మికులు ఉపాధి పోగొట్టుకుని గౌతు లచ్చన్న నాయకత్వంలో ఉద్యమించారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక 1954 నవంబరులో ప్రకాశం మంత్రివర్గం మద్యనిషేధ విధానంపై వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఒక పులిసిన పానీయం ప్రభుత్వాన్ని కూల్చిన రాష్ట్రం మనది. 1960ల చివర నిషేధం ఎత్తేశారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సడలింది.

ఈ కాలమంతా పత్రికల్లో ఒకే రకం వార్త వస్తూనే ఉంది: ఫలానా తోటలో దాడి, ఇన్ని లీటర్ల బెల్లం ఊట ధ్వంసం. అత్తయ్యకు పులిసే తీపి నీళ్లంటే గుర్తొచ్చే బొమ్మ అది. దానికి తోడు 2022 మార్చిలో, అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా జంగారెడ్డిగూడెంలో వరుస మరణాలు సంభవించాయి. నాటుసారాయే కారణమని ప్రతిపక్షం, కాదని ప్రభుత్వం శాసనసభలో వాదించుకున్నాయి. ఆ వాదన ఎటు తేలినా, ఈ ప్రాంతపు తల్లుల గుండెల్లో భయం మాత్రం మిగిలింది.

ఇక్కడ ఆమెకు మీరు చెప్పగలిగిన తేడా ఒకటుంది. సారాకు ఊట తొలిమెట్టు మాత్రమే. ఆ ఊటను బట్టీ పెట్టి, ఆవిరిని చల్లార్చి, ఆల్కహాలును గాఢం చేస్తారు. కల్తీసారా మరణాలకు సాధారణంగా కారణమయ్యేది అందులో కలిసే మిథైల్ ఆల్కహాలు. కొంబుచాను ఎవరూ బట్టీ పెట్టరు. పుట్టిన ఆల్కహాలులో ఎక్కువ భాగాన్ని బాక్టీరియా పులుపుగా మార్చేస్తుంది. కొంత మిగులుతుంది, దాన్ని దాచిపెట్టవద్దు. మన ఆహార ప్రమాణాల సంస్థ 0.5 శాతం మించితే మద్యపానీయంగా లెక్కిస్తుంది. 2010లో అమెరికాలో కొన్ని సీసాల్లో ఆ హద్దు దాటిందన్న అనుమానంతో ఒక పెద్ద దుకాణాల సంస్థ కొంబుచాను అరల నుంచి తీసేసింది. బిగుతుగా మూతవేసి, వెచ్చని చోట ఎక్కువ రోజులు ఉంచితే అది పెరుగుతుంది. మే నెల తాడేపల్లిగూడెంలో 'వెచ్చని చోటు' అంటే ఇల్లంతా అదే కాబట్టి, పులిశాక ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇంట్లో మందు మానినవారు ఎవరైనా ఉంటే వారికి ఇవ్వకపోవడమే మేలు.

ఏలూరు, 2020

మూడో ప్రశ్న అన్నిటికన్నా బరువైనది. 2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు. కొద్ది రోజుల్లో బాధితుల సంఖ్య ఆరువందలు దాటింది. ఒకరు మరణించారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షించిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. ఆ తరువాత నిపుణుల సంస్థలు పురుగుమందుల అవశేషాలను ప్రధాన కారణంగా చూపాయి. తమ్మిలేరు, బుడమేరు వంటి ఏర్లు, డెల్టా మురుగు కాలువలు కలిసేది కొల్లేటిలో. పొలాల మందులు, చేపల చెరువుల నీళ్లు, పట్నపు మురుగు అన్నీ అటే పోతాయి. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో చెరువుల గట్లు తెగ్గొట్టారు. అయినా లంక గ్రామాల్లో నేటికీ చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం టిన్ను కొనాలి.

కాబట్టి "ఏ నీళ్లు పోశావు?" అన్న ప్రశ్నను చాదస్తం అనకండి. నీళ్లు మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి. సీసమూ పురుగుమందూ పోవు. పులియబెట్టినా పోవు. పైగా పులుపు సీసాన్ని కరిగించగలదు. ఆస్ట్రేలియాలో ఒక జంట మెరుగుపూత ఉన్న పింగాణీ పాత్రలో కొంబుచా కాచి సీసం విషానికి గురైన సంగతి 1998లో వైద్య పత్రికలో వచ్చింది. తాగడానికి మీరు నమ్మే నీళ్లే వాడండి. పాత్ర గాజుదే ఉండాలి. ఇత్తడి, రాగి, రంగు పింగాణీ వద్దు. పూత లేని మట్టికుండలో తరవాణి పెట్టిన పెద్దలు ఇందులో మనకన్నా సురక్షితంగా ఉన్నారు.

బూజు విషయంలో అత్తయ్య కన్నే మంచి పరికరం. తెల్లగా, గోధుమరంగులో, తడిగా, జారుడుగా ఉన్నది పొర. పొడిగా, నూగుగా, పచ్చగా, నల్లగా ఉన్నది బూజు. బూజు పడితే పైది తీసి తాగడం కాదు, పొరతో సహా మొత్తం పారబోయాలి. మొదట్లోనే పాత పుల్లటి ద్రవం పదో వంతు కలిపితే బూజు పట్టే అవకాశం తగ్గుతుంది.

చివరగా, ఆమెకు తెలియని ఒక సంగతి కూడా మీరే చెప్పాలి. 1995లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో కొంబుచా తాగిన ఇద్దరు స్త్రీలు రక్తంలో ఆమ్లం పెరిగి ఆస్పత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. అదే తల్లి తోడుతో చేసినది తాగిన మరెందరికో ఏమీ కాలేదు, కొంబుచాయే కారణమని రుజువు కాలేదు. అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం, ఆరోగ్యవంతులు రోజుకు సుమారు 120 మిల్లీలీటర్లు తాగితే హాని ఉండకపోవచ్చని చెప్పింది. గర్భిణులు, పసిపిల్లలు, రోగనిరోధక శక్తి తగ్గినవారు, కాలేయ, మూత్రపిండ జబ్బులున్నవారు దీన్ని తాగకూడదు. మీ మేనత్తకు ఆ జబ్బులేవైనా ఉంటే ఆమె భయమే సరైనది. ఆమెను ఒప్పించే పని పెట్టుకోవద్దు.

అభ్యాసం

మీ ఇంట్లోగాని వీధిలోగాని అరవై ఏళ్లు దాటిన ఒకరిని తరవాణి గురించి అడగండి. కుండ ఎవరు పెట్టేవారు, ఎవరిని ముట్టనిచ్చేవారు కాదు, ఏ ఏడాది నుంచి మానేశారు అన్నవి వారి మాటల్లోనే రాసుకోండి. "మాకు అలాంటిది లేదు" అని వారు అంటే, అదీ రాయండి. కాసేపయ్యాక మరోలా అడిగి చూడండి.