మిరపకాయ టపా: మన్యపు పితూరిలో అధిక్షేపము

బలవంతుడైన పాలకుని చిహ్నములనే తిరుగవేసి పరిహసించుట ప్రతిఘటనలో నొక మార్గము. 1922-24 నాటి మన్యపు పితూరి యిందుకు నిదర్శనము.

1882 నాటి మద్రాసు అటవీచట్టము పోడుసేద్యమును నిర్బంధించెను. రోడ్డుపనులలో గిరిజనులకు సరియైన కూలి దక్కలేదు. ఈ క్షోభ నుండియే అల్లూరి సీతారామరాజు నాయకత్వమున పితూరి చెలరేగినది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలు ముట్టడింపబడినవి. రాజవొమ్మంగిలో నిర్బంధమందున్న వీరయ్యదొర విడిపింపబడెను.

చింతపల్లిలో రాజు తాను గైకొన్న ఆయుధముల పట్టికను ఠాణా పుస్తకముననే వ్రాసి సంతకము చేసెను. దోపిడికాడు లెక్క వ్రాయడు, చేవ్రాలు చేయడు. అట్లు చేయువాడు అధికారి. సర్కారు పుస్తకములో సర్కారునకే రసీదు వ్రాసియిచ్చుట కంటె పదునైన అధిక్షేపము వేఱేమి కలదు? ముందుగా వర్తమానమంపి ముట్టడించుటయు నిట్టిదే. బాణమునకు మిరపకాయలు గట్టి పంపిన ఆ లేఖలే జనశ్రుతిలో 'మిరపకాయ టపా'. టపా సర్కారుది, ఘాటు మన్యముది.

1924 మే 7న రాజు కాల్చి చంపబడెను, పితూరి అణగెను. పాలకుల దృష్టిలో నిది అలజడి మాత్రమే. కాని ఆ సంతకమును, ఆ మిరపకాయను జోడించి చదివినచో, తామును ఒక ప్రభుత్వమేయని మన్యము చాటిన తీరు పరిశోధకునకు బోధపడును.