నిజాం తోహ్ఫా, పాలమూరు ఆముదం: ఒక బాంబర్ దాస్తాన్

లండన్ ఉత్తరాన హెండన్‌లో రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం ఉంది. అందులో కర్ర చట్రం మీద గుడ్డ బిగించి చేసిన రెండు సీట్ల పాత బాంబర్ విమానం ఒకటుంది. రకం డీహెచ్ 9ఎ, నంబర్ ఎఫ్ 1010. ఇది నిజాం గారి తోహ్ఫా అని, పేరు ‘హైదరాబాద్ నంబర్ 12ఎ’ అని దాని ఒంటి మీద ఇంగ్లీషులో రాసి ఉంది.

నిజాం అంటే మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, ఏడో ఆసఫ్‌జాహీ. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన అంగ్రేజులకు ఒక స్క్వాడ్రన్‌కు సరిపడా బాంబర్లు కొనిచ్చారు. అదే 110వ స్క్వాడ్రన్, దాన్ని హైదరాబాద్ స్క్వాడ్రన్ అన్నారు. ఒక్కో విమానానికి 400 హార్స్ పవర్ అమెరికన్ లిబర్టీ ఇంజను. ముందు పైలట్, వెనక తుపాకీ పట్టుకున్న ఇంకో మనిషి. జర్మనీ లోపలికి పోయి రైల్వే స్టేషన్లు, కార్ఖానాల మీద బాంబులు వేసి రావడం వాళ్ల పని.

మనవాళ్లు ఈ కథను ‘చూశారా, మన నిజాం ఎంత దిల్‌దార్!’ అని ఫఖ్ర్‌గా చెప్పుకుంటారు. నాకు మాత్రం రెండు సవాళ్లు ఎదురొస్తాయి.

మొదటిది ఖిలాఫత్. అవతలి పక్షంలో ఉన్నది ఒక్క జర్మనీయే కాదు, ఇస్తాంబుల్‌లోని ఉస్మానియా సల్తనత్ కూడా. హిందుస్తానీ ముసల్మాన్ల దిల్ అటు కొట్టుకుంటున్న జమానా అది. సరిగ్గా అప్పుడే, 1914లో, ముసల్మాన్లు అంగ్రేజుల పట్ల వఫాదారీ చూపాలని నిజాం పిలుపునిచ్చారు. దానికి ఇనాం 1918లో దక్కింది: ‘హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్’ అన్న ఖితాబు, ‘ఫెయిత్‌ఫుల్ అల్లై’, అంటే వఫాదార్ దోస్తు, అన్న బిరుదు. ఖలీఫా ఖాందాన్ షెహజాదీ దుర్రె షెహ్‌వార్ ఆ తర్వాత 1931లో ఇదే నిజాం ఇంటికి కోడలైంది. తారీఖ్‌కు ఇలాంటి మలుపులంటే షౌక్ మరి.

రెండోది పైసల సవాల్. సర్కారీ ఖజానా నుంచి అనండి, సర్ఫె ఖాస్ నుంచి అనండి, నిజాం సంపదకు మూలం మాలుగుజారీ. అంటే నల్గొండ ఎర్ర చెల్కల్లో, మహబూబ్‌నగర్ రాళ్ల నేలలో జొన్నలు, ఆముదాలు పండించిన రయ్యతు చెమట. పటేల్, పట్వారీ వసూలు చేస్తే తహసీల్ మీదుగా బల్దాకు చేరిన రూపాయి అది. ఆ రయ్యతులో హిందువులున్నారు, మన దూదేకుల వాళ్లు, తురకోళ్లనిపించుకున్న పేద కాష్త్‌కార్లూ ఉన్నారు. తోహ్ఫా ఇవ్వాలా వద్దా అని వాళ్లను పూఛ్నేవాడు ఎవడూ లేడు.

ఆముదం మాట వచ్చింది కాబట్టి ఇంకో ముచ్చట. ఆ యుద్ధంలో క్యామెల్ లాంటి చిన్న ఫైటర్ల ఇంజన్లు గిర్రున మొత్తంగా తిరిగేవి. పెట్రోల్‌లో కలవని నూనె వాటికి కావాలి. అందుకు ఆముదమే వాడేవారు. లోకానికి ఆముదం గింజలు ఎక్కువగా పోయేది హిందుస్తాన్ నుంచే. హైదరాబాద్ రియాసత్‌లో ఆ పంటకు పేరున్న జిల్లాలు మన నల్గొండ, మహబూబ్‌నగర్. పిల్లల కడుపు శుభ్రం చేయడానికి మన నానీలు పట్టించిన ఆ జిడ్డు నూనే ఆకాశంలో పైలట్ల మొహాల మీద చిట్లేది. ‘క్యాస్ట్రాల్’ అన్న పేరు కూడా ఆముదం ఇంగ్లీషు పేరులోంచే పుట్టింది. ఎఫ్ 1010 ఇంజను మాత్రం ఆ తిరిగే రకం కాదు.

1918 సెప్టెంబర్‌లో ఈ స్క్వాడ్రన్ ఫ్రాన్స్ నుంచి దాడులు మొదలుపెట్టింది. నవంబర్ 11న యుద్ధం ఆగేలోపు దుష్మన్ దెబ్బకు 17 విమానాలు పోయాయి. ఎఫ్ 1010 అక్టోబర్ 5న జర్మన్ నేల మీద దిగిపోయింది. కెప్టెన్ ఇంగ్లిస్, లెఫ్టినెంట్ బోడ్లీ ఖైదీలయ్యారు. ఆ రోజుల్లోనే ఇక్కడ వానలు ఎగ్గొట్టాయి, ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లకు ఊళ్లను ఊడ్చింది. దక్కన్ మనిషికి 1918 అంటే గుర్తుండాల్సింది అది.

జర్మన్లు విమానాన్ని గెలుపు నిషానీగా దాచుకున్నారు. బెర్లిన్ విమాన మ్యూజియంలో పెట్టారు. 1943 నవంబర్‌లో బ్రిటిష్ బాంబులే ఆ మ్యూజియాన్ని కూల్చాయి. అక్కడి విమానాలు చాలా వరకు తూర్పుకు తరలిపోయాయి, యుద్ధం అయ్యాక పోలండ్ వాళ్ల చేతికి చిక్కాయి. అలా నిజాం తోహ్ఫా క్రాకోవ్ చేరింది, రెక్కలు లేకుండా. 1977లో ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చి దాన్ని వెనక్కి తెచ్చుకున్నారు. 152వ హైదరాబాద్ స్క్వాడ్రన్ 1940లో ఎగరేసినవి కూడా స్పిట్‌ఫైర్లే. ఆ స్క్వాడ్రన్ చిహ్నం మీద నిజాం దస్తార్, కింద ‘వఫాదార్ దోస్తు’ అన్న మాట.

కార్డింగ్టన్ వర్క్‌షాప్‌లో కారీగర్లు కొత్త రెక్కలు కట్టారు, కొత్త గుడ్డ బిగించారు, అక్షరాలు మళ్లీ రాశారు. 1983 నాటికి అది హెండన్‌లో జనం ముందు నిలిచింది. దీని అన్న లాంటి డీహెచ్ 9లది ఇంకా వింత. బికనీర్ మహారాజా గారి ఏనుగుల శాలలో చెదలు తిని పడి ఉంటే ఇంగ్లండ్ షౌఖీన్లు మోసుకుపోయారు. వాటిలో ఒకటి ఏళ్ల మరమ్మతు తర్వాత 2019లో మళ్లీ గాల్లోకి లేచింది. కాన్పూర్‌లో అమెరికన్లు, అంగ్రేజులు కావాలని పాడుచేసి వదిలిన లిబరేటర్ బాంబర్లను 1948లో మన హెచ్‌ఏఎల్ మిస్త్రీలు బాగుచేసి ఫౌజ్‌కిచ్చారు. 1968 దాకా అవి ఎగిరాయి. అందులో ఒకటి తర్వాత అమెరికా చేరింది. అక్కడ వలంటీర్లు కూడా చేయి కలిపి వేల గంటలు పనిచేశారు. 1989లో అది ఎగిరింది.

అదే 1948లో, సెప్టెంబర్ 13న, మన తల మీదికి వేరే విమానాలొచ్చాయి. హిందుస్తానీ టెంపెస్టులు బీదర్, వరంగల్ హవాయీ అడ్డాల మీద బాంబులేశాయి. ఫౌజ్ విజయవాడ సడక్ మీదుగా సూర్యాపేట దాటింది. అయిదు రోజుల్లో రియాసత్ ఖతం. వఫాదార్ దోస్తు కోసం లండన్ నుంచి ఒక్క విమానమూ రాలేదు. ఆ వారం నల్గొండ ఇళ్లలో తలుపులు ఎలా మూసుకున్నారో మీ ఇంటి బుజుర్గులు చెప్పే ఉంటారు. చెప్పకపోతే, వాళ్లు ఉండగానే అడగండి, రాసి పెట్టండి.

మీ పిల్లలు లండన్‌లో చదువుకుంటుంటే హెండన్ వెళ్లి చూడమనండి. కాలిండేల్ స్టేషన్‌లో దిగి నడవొచ్చు, టికెట్ లేదు.