భారత్, పాకిస్తాన్ అభివృద్ధి: తేడా ఎప్పుడు, ఎక్కడ మొదలైంది?

ఆగస్టు 14, 15 తేదీలు వచ్చాయంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో రెండు దేశాల పోలిక పోస్టులు తిరగడం మొదలవుతుంది. ఒక పక్క మన జీడీపీ, ఇంకో పక్క వాళ్ల అప్పులు. అంకెలు చాలావరకు నిజమే. కానీ అది ఏ ఏడాది అంకె, దేశం మొత్తానిదా లేక తలసరిదా అన్నది చెప్పరు. 140 కోట్ల మంది ఉన్న దేశాన్ని 24 కోట్ల మంది ఉన్న దేశం పక్కన పెడితే పెద్దది పెద్దగానే కనపడుతుంది కదా! పైగా మన పిల్లలకు ఈ పోలిక కాలేజీలో, ఆఫీసులో ఎగతాళిగా ఎదురవుతుంటుంది, తమకు సంబంధం లేని దేశానికి వీళ్లే జవాబుదారీ అన్నట్టు. అందుకే లెక్క సరిగ్గా తెలిసి ఉండటం మంచిది.

ముందుగా చాలామందికి తెలియని సంగతి. తలసరి ఆదాయంలో 2000 సంవత్సరం నాటికి కూడా పాకిస్తానే మనకన్నా ముందుండేది. డాలర్లలో చూస్తే ఆ తర్వాతి పదేళ్లలోనే భారత్ దాటింది. 2023 నాటికి మన తలసరి జీడీపీ సుమారు 2,500 డాలర్లు, వాళ్లది 1,400 దగ్గర. అంటే ఇవాళ మనం చూస్తున్న అంతరం 75 ఏళ్లుగా ఉన్నది కాదు, గట్టిగా పాతికేళ్లది.

ఆదాయం ఒక్కటే అభివృద్ధి కాదని ప్రపంచానికి చెప్పింది కూడా ఈ రెండు దేశాల వాళ్లే. ఐక్యరాజ్యసమితి 1990 నుంచి ఇస్తున్న మానవాభివృద్ధి సూచీని తయారుచేసింది పాకిస్తాన్ మాజీ ఆర్థిక మంత్రి మహబూబుల్ హక్. ఆయనకు తోడ్పడింది కేంబ్రిడ్జిలో కలిసి చదువుకున్న మన అమర్త్య సేన్. ఆయుష్షు, చదువు, ఆదాయం మూడూ కలిపి చూసే ఆ సూచీ 2025 నివేదికలో 193 దేశాల్లో భారత్ ర్యాంకు 130, పాకిస్తాన్ ర్యాంకు 168.

ఒకే ఖజానా, రెండు రూపాయలు

విభజనలో నగదు నిల్వల నుంచి పాకిస్తాన్ వాటా 75 కోట్ల రూపాయలుగా తేలింది. 20 కోట్లు ముందే ఇచ్చారు. కశ్మీర్ యుద్ధం వల్ల మిగతా 55 కోట్లు ఆపారు. 1948 జనవరిలో గాంధీజీ నిరాహార దీక్షలో ఉండగా వాటిని విడుదల చేశారు. అంతవరకు పాకిస్తాన్‌కు సొంత కేంద్ర బ్యాంకే లేదు. 1948 జూన్ ఆఖరు వరకు మన రిజర్వ్ బ్యాంకే వాళ్లకూ పనిచేసింది. 'గవర్నమెంట్ ఆఫ్ పాకిస్తాన్' అని ముద్ర కొట్టిన మన నోట్లే అక్కడ చెలామణి అయ్యాయి.

1949 సెప్టెంబరులో అసలు మలుపు వచ్చింది. బ్రిటన్ పౌండు విలువ తగ్గించగానే భారత్ కూడా రూపాయి విలువ తగ్గించింది. పాకిస్తాన్ తగ్గించలేదు. రాత్రికి రాత్రి 100 పాకిస్తానీ రూపాయలు 144 భారత రూపాయలతో సమానం అయ్యాయి. ఆ రేటును మనం ఒప్పుకోలేదు, వ్యాపారం ఆగిపోయింది. జనపనార పంట ఎక్కువగా తూర్పు బెంగాల్‌లో, మిల్లులన్నీ కలకత్తా చుట్టుపక్కల. పంట అక్కడ, మగ్గం ఇక్కడ. అప్పటిదాకా పాకిస్తాన్ ఎగుమతుల్లో సగానికి పైగా కొన్నది భారతే. ఇద్దరూ నష్టపోయారు, ఎవరి మిల్లులు వాళ్లు, ఎవరి పంటలు వాళ్లు పెంచుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు మన ఒక్క రూపాయికి వాళ్లవి మూడు రూపాయల పైనే.

పాకిస్తాన్ ముందున్న రోజులు

1960లలో అయూబ్ ఖాన్ హయాంలో పాకిస్తాన్ ఏటా సుమారు 6 శాతం వృద్ధి సాధించింది. మనం 3.5 శాతం దగ్గర ఈడ్చుకుంటూ ఉన్నాం. 1960 సింధు జలాల ఒప్పందం తర్వాత మంగ్లా, తర్బేలా లాంటి పెద్ద డ్యాములు కూడా అక్కడ లేచాయి. అయితే ఆ సంపద ఎవరి చేతుల్లో ఉంది? ఇదే మహబూబుల్ హక్ 1968లో లెక్క తీసి చెప్పారు: దేశంలోని పరిశ్రమల ఆస్తుల్లో మూడింట రెండు వంతులు, బ్యాంకింగ్‌లో 80 శాతం 22 కుటుంబాలవే అని. తూర్పు పాకిస్తాన్‌లో కోపం పెరగడానికి ఈ మాట కూడా ఒక కారణం. 1971లో దేశమే రెండయింది.

భూమి సంగతీ అంతే. మన దగ్గర 1950లలోనే జమీందారీ రద్దు చట్టాలు వచ్చాయి, ఎన్ని లొసుగులున్నా సరే. అక్కడ 1959లో పెట్టిన సీలింగ్ నీటి వసతి ఉన్న భూమికి మనిషికి 500 ఎకరాలు! 1972లో భుట్టో దాన్ని 150కి తగ్గించారు. చివరికి 1989లో సుప్రీంకోర్టు షరియత్ అప్పిలేట్ బెంచ్, భూ సంస్కరణల్లోని ముఖ్యమైన నిబంధనలు ఇస్లాంకు విరుద్ధమని కొట్టేసింది. సింధ్, దక్షిణ పంజాబ్‌లలో పెద్ద భూస్వాములే ఎన్నికల్లో గెలుస్తూ వస్తున్నారంటే వెనక ఉన్నది ఇదే. వాళ్ల వ్యవసాయ ఆదాయం మీద పన్ను చాలాకాలం నామమాత్రంగానే ఉండేది. జీతగాడే పన్ను మోస్తాడు.

రాజకీయం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మనకు 1950లో రాజ్యాంగం, 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలు. అక్కడ మొదటి సాధారణ ఎన్నికలు 1970లో జరిగాయి. ఇప్పటికీ ఒక్క ప్రధాని కూడా అయిదేళ్ల పదవీకాలం పూర్తి చేయలేదు.

ఐఎంఎఫ్ గడప

నా లెక్కలో అసలు తేడా కనపడేది ఇక్కడే. 1991లో మన దగ్గర రెండు మూడు వారాల దిగుమతులకు సరిపోయే డాలర్లే మిగిలాయి. దాదాపు 47 టన్నుల బంగారం విదేశీ బ్యాంకుల్లో కుదువ పెట్టాల్సి వచ్చింది. అప్పుడు ప్రధాని మన తెలంగాణ బిడ్డ, ఉర్దూ కూడా వచ్చిన పి.వి. నరసింహారావు. ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ పుట్టిందేమో ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న గాహ్ అనే పల్లెలో. రూపాయి విలువ తగ్గించారు, లైసెన్సులు ఎత్తేశారు, ఐఎంఎఫ్ అప్పు తీసుకున్నారు. 2000 నాటికి ఆ అప్పు పూర్తిగా తీరింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

పాకిస్తాన్ 1958 నుంచి ఇప్పటికి 20కి పైగా సార్లు ఐఎంఎఫ్ దగ్గరకు వెళ్లింది. 2023 మొదట్లో నిల్వలు 300 కోట్ల డాలర్లకు పడిపోయాయి, మే నెలలో ధరలు ఏడాది కిందటికన్నా 38 శాతం పెరిగాయి. 2024 సెప్టెంబరులో మరో 700 కోట్ల డాలర్ల ప్యాకేజీ. ప్రతిసారీ అదే షరతు, కరెంటు రేట్లు పెంచండి, పన్నులు వసూలు చేయండి అని. గండం గట్టెక్కగానే మళ్లీ పాత దారి. కేంద్ర ఆదాయంలో సగానికి పైగా వడ్డీలకే పోతోంది. మన కేంద్రానికి కూడా రాబడిలో మూడో వంతు కంటే ఎక్కువే వడ్డీలకు వెళుతుంది, అయితే మన అప్పు ఎక్కువగా మన బ్యాంకులకు, మన జనానికే ఉన్న అప్పు.

గల్ఫ్ డబ్బు లెక్క మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. 2024-25లో పాకిస్తాన్‌కు బయటి నుంచి వచ్చిన డబ్బు 3,800 కోట్ల డాలర్లు. అదే ఏడాది ఆ దేశం అమ్మిన సరుకు విలువ దాదాపు 3,200 కోట్లే. అంటే దేశం అమ్మిన సరుకు కన్నా బయటి దేశాల్లో పనిచేసే వాళ్ల చెమట ఎక్కువ తెచ్చింది. మనకూ ఏటా పది వేల కోట్ల డాలర్లకు పైగా వస్తాయి, కానీ దాన్ని మించి సాఫ్ట్‌వేర్ ఎగుమతులున్నాయి.

చదువు, పిల్లలు, చుక్కలు

1951లో ఇప్పటి పాకిస్తాన్ జనాభా 3.4 కోట్లు, 2023 గణనలో 24 కోట్లు. ఏడింతలు. మనం అదే కాలంలో నాలుగింతలయ్యాం. ఇక్కడ ఒక మహిళకు సగటున 2 కాన్పులు, అక్కడ 2017-18 సర్వే ప్రకారం 3.6. ఇదేదో మతం సంగతి కాదు. బంగ్లాదేశ్ కూడా ముస్లిం దేశమే, అక్కడ ఈ సంఖ్య మన దగ్గరికే వచ్చింది. తేడా ఆడపిల్లల చదువుది. పాకిస్తాన్ మహిళల్లో అక్షరాస్యత 2023లో కూడా 53 శాతమే, రెండున్నర కోట్ల మంది పిల్లలు బడి బయట ఉన్నారు.

పోలియో చూడండి. 2009లో భారత్‌లో 741 కేసులు, ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ. ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో ముస్లిం బస్తీల్లో చుక్కల మీద అనుమానాలుండేవి. ఇమాములు, మదర్సాలు, అలీగఢ్, జామియా వాళ్లు ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. 2011 జనవరి తర్వాత ఇక్కడ సహజ (వైల్డ్) పోలియో వైరస్ కేసు ఒక్కటీ లేదు. అదే 2011లో పాకిస్తాన్‌లో బిన్ లాడెన్ జాడ కోసం అమెరికా గూఢచారులు దొంగ టీకా కార్యక్రమం నడిపారని బయటపడింది. జనం నమ్మకం పోయింది, చుక్కలు వేసే ఆడవాళ్లను కాల్చి చంపారు. 2024లో అక్కడ 70కి పైగా పిల్లలకు పోలియో సోకింది. అమెరికా చేసిన పాపం ఆ పిల్లల కాళ్లకు తగిలింది.

పొంగిపోవడానికి ఏముంది?

మన అయిదేళ్ల లోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. పాకిస్తాన్‌లోనూ ఇంచుమించు అంతే. మానవాభివృద్ధిలో బంగ్లాదేశ్‌ది కూడా మన 130వ ర్యాంకే. శ్రీలంక 89లో ఉంది. పోస్టులు తయారుచేసేవాళ్లు ఆ రెండు దేశాల్ని పక్కన పెట్టరెందుకో మరి!

సగటు లెక్క కూడా మోసం చేస్తుంది. తెలంగాణ తలసరి ఆదాయం 2023-24లో సుమారు మూడున్నర లక్షల రూపాయలు. బీహార్‌ది 60 వేల చిల్లర. పాకిస్తాన్ సగటును మన రూపాయల్లోకి మారిస్తే లక్ష దాటుతుంది, అంటే బీహారీ కన్నా పాకిస్తానీ సగటున మెరుగు. మళ్లీ ఆ దేశంలోనే బలూచిస్తాన్‌ను లాహోర్ పక్కన పెడితే అదో వేరే లోకం.

ఇక ఇద్దరి మధ్య వ్యాపారం 2019లో పుల్వామా తర్వాత దాదాపు ఆగిపోయింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత అటారీ గేటు కూడా మూసేశారు, సింధు ఒప్పందం పక్కన పెట్టారు. గేటు మూయక ముందు కూడా అమృత్‌సర్ నుంచి 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న లాహోర్‌కు చాలా సరుకు దుబాయ్ మీదుగా చుట్టు తిరిగి వెళ్లేది.