2014 ఎన్నికలు - మన ఊళ్ల లెక్క

2014 మే 16న ఎన్నికల ఫలితాలు వచ్చాయి. లోక్‌సభలో భారతీయ జనతా పార్టీకి 282 సీట్లు, కాంగ్రెస్‌కు 44 దక్కాయి. తెలంగాణలో టీఆర్‌ఎస్, ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం అధికారంలోకి వచ్చాయి. పత్రికలు గెలుపోటములను ఇలాగే లెక్కగట్టాయి. గోదావరి, శబరి ఒడ్డున ఉన్న మన ఆదివాసీ ఊళ్లు ఆ లెక్కలోకి రాలేదు.

ఏప్రిల్ 30న చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాల కోయలు, కొండరెడ్లు భద్రాచలం నియోజకవర్గంలో ఓటేశారు. అక్కడ సున్నం రాజయ్య ఎమ్మెల్యేగా గెలిచారు. మే 29న కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. పోలవరం ప్రాజెక్టు కోసం ఖమ్మం జిల్లాలోని ఈ మండలాలను, పక్కనున్న మరికొన్నింటిని ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది. జూలైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. జూన్ 2న రాష్ట్రం విడిపోయేసరికి ఓటర్లు ఆంధ్రలో ఉన్నారు, వాళ్లు ఓటేసిన నియోజకవర్గం ఎమ్మెల్యే తెలంగాణ సభలో ఉన్నారు.

పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది అంతకుముందు ఫిబ్రవరిలో కాంగ్రెస్ ప్రభుత్వం చేసిన విభజన చట్టమే. మండలాలను కలిపింది కొత్తగా గెలిచిన ప్రభుత్వం. ఢిల్లీలో ఓడినవాళ్లదీ గెలిచినవాళ్లదీ మన భూమి దగ్గర ఒకే దారి అయింది. నీళ్లు మైదానానికి, ముంపు మనకు.

అందుకే బడిలో ఎన్నికల పాఠం చెప్పేటప్పుడు సీట్ల పట్టిక పక్కనే ఆ ఏడు మండలాల పటం కూడా పెట్టాలని ఉపాధ్యాయులను కోరుతున్నాం. ఎవరు గెలిచారన్న ప్రశ్నతో ఆగకుండా, ఊరు మార్చేముందు గ్రామసభను ఎవరైనా అడిగారా అని మన పిల్లలు అడగడం నేర్చుకోవాలి.