కాలనీ శబ్ద విచారం



చైతన్యపురి నుండి ఎల్బీనగర్ వరకు విజయవాడ రహదారికి ఇరుప్రక్కల ఉన్న వీథులలో అడుగడుగునా దర్శనమిచ్చే శబ్దం ఒకటి ఉన్నది. అది సంస్కృతం కాదు, అచ్చతెలుగూ కాదు, ఆంగ్లం. వాసవీ కాలనీ, ఫణిగిరి కాలనీ, గ్రీన్ హిల్స్ కాలనీ, పి అండ్ టి కాలనీ, ఆర్టీసీ కాలనీ. కొత్తపేటలోని అష్టలక్ష్మీ అమ్మవారి ఆలయానికి దారి అడిగినా వాసవీ కాలనీ అనే సమాధానం వస్తుంది. శుభలేఖలలో, గృహప్రవేశ ఆహ్వానాలలో, అన్నదాన ఫలకాలపై ఈ మాట లేని చోటు లేదు. నిత్యం నోట పలికే శబ్దానికి మూలం ఏమిటో, అది ఏ యే అర్థాలను మోస్తున్నదో విచారించడం వేదాంగమైన నిరుక్తం మనకు నేర్పిన క్రమం. శబ్దం పరభాషదైనంత మాత్రాన ఆ విచారణ నిషిద్ధం కాదు. పైగా ఈ శబ్దం విషయంలో అది మన ధర్మాచరణకే సంబంధించినది.

ఆంగ్లేయులు ఈ మాటను లాటిన్ నుండి గ్రహించారు. రోమన్ల భాషలో కొలోనస్ అంటే కర్షకుడు. కొలోనియా అంటే కర్షకులు స్థిరపడిన నివాసం. రోమన్ చక్రవర్తులు యుద్ధసేవ ముగించిన సైనికులకు జయించిన దేశాలలో భూములిచ్చి నివసింపజేసిన పట్టణాలకు ఈ పేరు ప్రసిద్ధమైంది. జర్మనీ దేశంలోని కొలోన్ నగరం పేరు అలా వచ్చినదే. ఇంగ్లండులోని లింకన్ అనే పేరు చివర దాగియున్నదీ ఆ శబ్దమే.

ఈ రెండు పదాలకు మూలం కొలెరె అనే క్రియ. దానికి మూడు అర్థాలు ఉన్నాయి: భూమిని దున్ని సాగుచేయడం, నివసించడం, దేవతను ఆరాధించడం. సంస్కృతి అనే అర్థంలో మనం వినే కల్చర్, వ్యవసాయమనే అర్థం గల అగ్రికల్చర్, ఉపాసనా సంప్రదాయమనే అర్థం గల కల్ట్, ఇవన్నీ ఆ ధాతువు సంతానమే. కృషి, నివాసం, ఆరాధన ఒకే క్రియలో ఇమిడి ఉండటం మనకు వింతగా తోచదు. భాషాశాస్త్రవేత్తలు మరొక మెట్టు పైకి వెళ్ళి, ఈ లాటిన్ ధాతువుకు, సంస్కృతంలోని చర ధాతువుకు మూలం ఒక్కటేనని నిర్ణయించారు. చర్య, ఆచారం, ఆచార్యుడు, పరిచర్య అనే పదాలు చర ధాతువు నుండి పుట్టాయి. చక్ర శబ్దమూ ఆ కుటుంబానిదే. అనగా మన ఆచార శబ్దానికి, వీథి మొదట ఫలకంపై కనిపించే కాలనీ శబ్దానికి దూరపు బంధుత్వం ఉన్నది.

అయితే శబ్దం పుట్టినప్పటి పవిత్రత దాని ప్రయాణమంతటా నిలిచియుండాలన్న నియమం లేదు. ఐరోపా రాజ్యాలు నౌకలెక్కి ఖండాంతరాలకు వెళ్ళి పరుల భూమిని ఆక్రమించినప్పుడు ఆ ఆక్రమణకూ ఇదే పేరు పెట్టుకున్నాయి. 1776లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న అమెరికా ప్రాంతాలు పదమూడు కాలనీలు. తెలుగునాట ఆంగ్లేయుల వర్తకం 1611లో మచిలీపట్టణంలో ఆరంభమై క్రమంగా రాజ్యాధికారంగా పరిణమించింది. 1860లో మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో అనే నౌక మన తెలుగువారిని కూడా దక్షిణాఫ్రికాలోని నేటాల్ కాలనీ చెరకు తోటలకు కూలీలుగా చేర్చింది. పరుల కాలనీలో పరుల పొలం దున్నిన ఆ కుటుంబాల వారసులు తెలుగు భాషను, భజన సంప్రదాయాన్ని నిలుపుకొని, 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకున్నారు. ఈ అర్థంలో కాలనీని తెలుగులో వలస రాజ్యం అన్నాం. ప్రకృతి శాస్త్రజ్ఞులు తేనెటీగల సమూహాన్ని, చీమల సమూహాన్ని, సూక్ష్మజీవుల గుంపును సైతం కాలనీ అనే అంటారు. ఒకే శబ్దం సైనికుడి పట్టణాన్ని, పరాధీన దేశాన్ని, తేనెపట్టును చెప్పగలుగుతున్నది.

ఇక మన భాగ్యనగరానికి వద్దాం. పూర్వం ఇక్కడ నివాసస్థానాలను పేట, గూడ, గంజ్, బజార్, బస్తీ అనేవారు. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచివేసిన పిదప, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి, క్రమబద్ధమైన వీథులతో గృహాలు నిర్మించడం మొదలుపెట్టింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాదు రాజధాని కాగా ఉద్యోగులు, విద్యార్థులు, వ్యాపారులు తండోపతండాలుగా వచ్చి చేరారు. తూర్పున నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, కృష్ణా, గుంటూరు ప్రాంతాల నుండి బస్సు దిగినవారికి మొదట ఎదురయ్యేది దిల్‌సుఖ్‌నగర్ దిక్కే. ఒకనాటి పొలాలు స్థలాలుగా విభజింపబడ్డాయి. ప్రభుత్వ శాఖల ఉద్యోగులు, సహకార సంఘాల సభ్యులు కలిసి ఇళ్ళు కట్టుకున్నచోట కాలనీ అనే పేరు గౌరవచిహ్నంగా స్థిరపడింది. బస్తీ అంటే ఇరుకు, కాలనీ అంటే అనుమతులున్న స్థలం, విశాలమైన వీథి, సంక్షేమ సంఘం, మూలన ఒక ఆలయం. నగరవాసి ఫలానా కాలనీలో ఉంటున్నామని చెప్పడంలో సంతృప్తి ఉన్నది.

అదే నగరవాసి జాతరకో, శ్రాద్ధానికో స్వగ్రామం వెళ్తాడు. అక్కడ కాలనీ అన్న మాట వేరొక స్వరంతో వినబడుతుంది. 'వాళ్ళు కాలనీ వాళ్ళు' అంటే ఊరికి వెలుపల ఉంచబడిన వారని అర్థం. పూర్వం మాలపల్లె, మాదిగవాడ అన్నవి తరువాత హరిజనవాడలు అయ్యాయి. ప్రభుత్వం ఇళ్ళు కట్టించిన తరువాత హరిజన కాలనీ, ఎస్సీ కాలనీ అయ్యాయి. వాడుకలో కాలనీ అన్న ఒక్క మాట మిగిలింది. నగరంలో మర్యాదగా ధరించిన పదమే గ్రామంలో వెలివేతకు గుర్తు. పొరుగున ఉన్న తమిళనాడులో ఈ పదం వివక్షకు, దూషణకు చిహ్నమైనదని చెప్పి, ప్రభుత్వ దస్తావేజుల నుండి దానిని తొలగిస్తామని 2025 ఏప్రిల్‌లో ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి శాసనసభలో ప్రకటించారు.

పేరు మార్చుకొనే ప్రయత్నం మనవారిలో శతాబ్దం క్రిందటే జరిగింది. 1917లో విజయవాడలో జరిగిన పంచమ మహాసభకు హైదరాబాదు వాసి భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షత వహించారు. పంచములనే పేరును నిరాకరించి, తాము ఈ భూమికి ఆదివాసులమైన ఆది ఆంధ్రులమని ఆ సభ ప్రకటించుకున్నది. శాస్త్రదృష్టితో చూసినా ఆ నిరాకరణ సమంజసమే. వర్ణాలు నాలుగేనని, ఐదవది లేదని మనుస్మృతి సైతం చెబుతున్నది. లేని ఐదవ వర్ణాన్ని కల్పించి ఒక జనసమూహానికి అంటగట్టినది లోకమే కాని శాస్త్రం కాదు. తరువాత గాంధీజీ హరిజన శబ్దాన్ని ప్రచారం చేసి, 1933లో ఆ పేరుతోనే పత్రికను ప్రారంభించారు. విష్ణుభక్తులనే ఉదాత్తార్థం గల ఆ మాట కూడా కొన్ని దశాబ్దాలలోనే కించపరిచే మాటగా మారి, అది ఎవరినుద్దేశించినదో వారే వద్దన్నారు.

ఇక్కడ మనం నిలిచి ఆలోచించాలి. పంచమ శబ్దం దూషితమైంది, హరిజన శబ్దం దూషితమైంది, రాజ్యాలను, నగరాలను చెప్పిన కాలనీ శబ్దం కూడా దూషితమైంది. కనుక దోషం శబ్దంలో లేదు. పలికేవాని అంతఃకరణంలో పాతుకొని ఉన్నదేదో ప్రతి కొత్త శబ్దానికీ అంటుకొంటున్నది. మన వేదాంతం దానికి పెట్టిన పేరు వాసన. వసించి ఉండేది కనుక వాసన. ఇంగువ కట్టిన గుడ్డను ఎన్ని మార్లు ఉతికినా దానిని విడువని గుణం వంటిది అది. విద్యారణ్యస్వామి జీవన్ముక్తివివేకంలో వాసనాక్షయానికి ఒక ప్రకరణమే కేటాయించారు. తత్త్వం తెలిసినా వాసన క్షయించనిదే శాంతి లేదని ఆ గ్రంథాశయం. పేరు మార్చడం అవసరమే. పిలువబడేవారు వద్దన్న పేరుతో వారిని పిలవడం హింస. కాని పేరు మార్చడంతో మన కర్తవ్యం తీరిపోయిందనుకుంటే రేపటి కొత్త పేరుకూ అదే గతి పడుతుంది.

కృషి, నివాసం, ఆరాధన అనే మూడర్థాలు కలిసిన పదం మన భాషలోనూ ఉన్నది. అది క్షేత్రం. క్షి ధాతువుకు నివసించుట అని అర్థం. క్షేత్రమంటే పొలం, క్షేత్రమంటే కాశీ, శ్రీశైలం వంటి పుణ్యస్థలం. గీత పదమూడవ అధ్యాయంలో భగవానుడు దీనికి మరొక అర్థం చెప్పాడు: ఈ శరీరమే క్షేత్రం, దానిని తెలుసుకొనేవాడు క్షేత్రజ్ఞుడు, సర్వక్షేత్రాలలోనూ ఉన్న క్షేత్రజ్ఞుడు తానేనని. ఇందులో ఊరి నడుమ ఉన్న క్షేత్రం, ఊరి వెలుపలి క్షేత్రం అనే విభాగం లేదు. రాజులు సర్వమాన్యంగా ఇచ్చిన అగ్రహారాలలో నివసించి ఈ గీతను పారాయణ చేసిన వంశాలవారిమే మేము. ఆలోచిస్తే అగ్రహారమూ ఒక విధమైన కాలనీయే. రాజు భూమినిచ్చి నిలిపిన నివాసమే. ఊరికి ఒక కొసన గౌరవంతో నిలిపినది ఒకటి, మరొక కొసన అవమానంతో నిలిపినది ఇంకొకటి. రెండింటిలోనూ క్షేత్రజ్ఞుడు ఒక్కడే అని చదివినవారికి ఆ దూరం తగ్గించే బాధ్యత అధికంగా ఉంటుంది.

ఈ బాధ్యతకు సాక్ష్యం మన చైతన్యపురి శిలలలోనే ఉన్నది. మూసీ తీరాన ఫణిగిరి గుట్టపై, కోసగుండ్ల శ్రీ లక్ష్మీనరసింహస్వామి ఆలయ పరిసరాలలో, బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చెక్కిన విష్ణుకుండినుల కాలపు శాసనం కలదు. సుమారు పదిహేను వందల సంవత్సరాల నాటి ఆ శాసనం గోవిందరాజ విహారమనే బౌద్ధ విహారాన్ని, అందులోని పిండపాతికులనే భిక్షువులను పేర్కొంటున్నది. పిండపాతికులంటే భిక్షాపాత్రలో పడిన అన్నంతోనే జీవించేవారు. వండినవారి కులం అడగక స్వీకరించడం బౌద్ధ భిక్షువుల నియమం. మన ప్రాంతంలో శాసనానికెక్కిన ఆ తొలి నివాసం అటువంటి వారిది. నేడు ఆ శిలల సమీపంలోనే నరసింహుడు కొలువై ఉన్నాడు, చుట్టూ కాలనీలు వెలిశాయి.

వైష్ణవ సంప్రదాయంలోనూ దృష్టాంతం ఉన్నది. శ్రీరంగంలో కావేరికి ఆవలి ఒడ్డున నిలిచి గానం చేసే తిరుప్పాణాళ్వారును అస్పృశ్యుడని తూలనాడిన లోకసారంగముని, రంగనాథుని ఆజ్ఞతో ఆయనను భుజాలపై మోసి గర్భాలయానికి తెచ్చాడు. 2018 ఏప్రిల్‌లో మన నగరంలోని జియాగూడ శ్రీ రంగనాథస్వామి ఆలయంలో ఒక అర్చకస్వామి దళిత భక్తుని భుజాలపై మోసి స్వామి సన్నిధికి తీసుకొనివెళ్ళి ఆ మునివాహన సేవను పునరుద్ధరించారు.

మనం నిత్యం చేసే సంకల్పాన్ని గమనించండి. జంబూద్వీపం, భరతవర్షం, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ నదుల మధ్య ఉన్నామో చెబుతాం. కాలనీ పేరు చెప్పం, వాడ పేరు చెప్పం. అగ్రహారంలో కూర్చున్నా, ఎస్సీ కాలనీలో కూర్చున్నా ఆ దేశకీర్తనం అక్షరం మారదు. గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పే సంప్రదాయమూ ఉన్నది. దేవుని ఎదుట మన చిరునామా అంతే. ఆ చిరునామాను అంగీకరించినవారు, స్వగ్రామంలో ఉత్సవమూర్తి పల్లకి ఏ వీథి వరకు వెళ్ళి వెనుదిరుగుతున్నదో ఈసారి చూడాలి. వెనుదిరిగే చోటు ఊరి చివరి ఇంటికి ముందే ఉంటే, ఊరి పెద్దలతో, అర్చకులతో ఆ మాట ఎత్తాలి. ఆ ఇంటికి హారతి చేరేవరకు ఉత్సవం పూర్తి అయినట్లు కాదు.

మన ప్రాంతానికి చైతన్యపురి అని పేరు. పురంలో శయనించువాడు కనుక పురుషుడని ఉపనిషత్తు చెప్పిన నిర్వచనం. తొమ్మిది ద్వారాల పురం ఈ దేహమని గీత. చైతన్యం వసించే పురమే చైతన్యపురి అయితే, ప్రతి ప్రాణి దేహమూ చైతన్యపురియే. దానికి ఊరి లోపల, వెలుపల అన్న హద్దులు ఉండవు.

స్వస్తి.