కోణాక్షరములు



ఈ దినములలో అంగడి పలకలపైనను, సినిమా ప్రకటనలపైనను వంపు లేక మూలలు దేరిన క్రొత్తరకపు అక్షరములు కానవచ్చుచున్నవి. ఇవి రాబోవు కాలపు లిపియని పలువురు మురియుదురు. ఈ తీరు మనకు క్రొత్త గాదనియు, దీనికి తగిన చోటును తగని చోటును గలవనియు మనవి చేయుటయే నేటి ప్రసంగము.

నంద్యాలకు పడమటి దిక్కున, కర్నూలు జిల్లాలో ఎఱ్ఱగుడి యను గ్రామము కలదు. క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దమున అశోకుడు చెక్కించిన ధర్మశాసనము లచ్చటి బండలపై నేటికిని నిలిచియున్నవి. ఆ బ్రాహ్మీలిపిలో ‘క’ యనునది కూడిక గుర్తు. ‘గ’ యనునది పూరింటి కప్పువలె వాలిన రెండు గీతలు. ఉలికి తిన్నని గీతయే సులభము గదా!

మన తెలుగు లిపి కదియే మూలము. మఱి యీ గుండ్రదన మెట్లు వచ్చెను? తాటాకుపై గంటముతో ఈనె వెంబడి తిన్నగా గీచినచో ఆకు చీలును. కావున వ్రాయసకాండ్ర చేతిలో గీతలు వంగినవని పెద్దలు చెప్పుదురు.

ఇట్టిదే యైరోపాలో నొకటి జరిగెను. 1967లో విమ్ క్రౌవెల్ అను హాలండు దేశస్థుడు ‘న్యూ ఆల్ఫబెట్’ అను అక్షరమాలను కల్పించెను. అప్పటి క్రొత్త అచ్చుకూర్పు యంత్రములు తెరపై చిత్రించు నక్షరములలో వంపులు చెదరుచుండెను. అందుచే నాయన నిలువు గీతలను, అడ్డగీతలను మాత్రమే కూర్చి, మూలలను ఏటవాలుగా కోసెను. అది ప్రయోగమే గాని నిత్యము చదువుకొనుటకు గాదని యాయనయే చెప్పెను. 1988లో ఇంగ్లండున నొక పాటల రికార్డు అట్టపై దానిని వాడినపుడు, చదువ వీలగుటకై కొన్ని యక్షరములను మార్చవలసివచ్చెను.

ఉలియు, గంటమును, యంత్రమును తమ తమ రూపములను అక్షరమున కిచ్చినవి. నేటి కంప్యూటరు వంపునైనను మూలనైనను సమముగా గీయగలదు. కావున నిక రూపము మన యెన్నిక. చదువరి కన్నే దానికి కొలత.

తెలుగున ప, ఫలకును ద, ధలకును అడుగునున్న చిన్న గీటే భేదము. ఆ గీటు మూలలలో మునిగెనా, ‘ఫలము’ ‘పలము’ అగును; పండ్లంగడి మాంసపుటంగడి యగును! పెద్దగా వ్రాసిన ఒకటి రెండు మాటలకు కోణాక్షరము కంటికింపే. పేర్ల పట్టికకు, పాఠమునకు అది తగదు.

నిరుడొక గ్రామమున దాతల శిలాఫలకమును చూచితిని. అక్షరములు కత్తులవలె నుండెను. నిత్యము భారతము చదువు నొక వృద్ధుడు గతించిన తన తమ్ముని పేరు వెదకి వెదకి కానక, నాచేత చదివించుకొనెను. ఆ పేరు అచ్చటనే యుండెను. ఆయనకు మాత్రము దక్కలేదు.

మన ఆళ్లగడ్డ శిల్పులు రాతిపనికి పేరొందినవారు. ఏ వంపునైనను చెక్కగలరు. మీ యూర బడికో గుడికో ఫలకము వేయించునపుడు, ముందుగా అక్షరములను కాగితముపై వ్రాయించి, మూడవ తరగతి బాలుని చేతను, ఒక ముదుసలి చేతను చదివించుడు. ఇరువురును తడబడక చదివిరేని, అప్పుడు ఉలి పట్టుమనుడు. కాగితముపై తప్పు దిద్దుకొనవచ్చును. రాతిపై తప్పు మన మనుమల కాలమునకును నిలుచును.