శిక్షణ నిధులు – ఉపాధి హామీ: విశాఖపట్నంలో ప్రభుత్వ ఉపాధి సేవల చరిత్ర (1945–2021)

ఉపోద్ఘాతం

విశాఖపట్నం ఓడరేవు 1933లో ప్రారంభమైంది. సింధియా సంస్థ నౌకా నిర్మాణ కేంద్రానికి 1941లో పునాది పడింది. 1952లో ప్రభుత్వం అందులో ప్రధాన వాటాదారు కావడంతో అది హిందుస్థాన్ షిప్‌యార్డుగా మారింది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ఈ నగరంలో కార్మికునికి శిక్షణ ఇచ్చినదీ, పని చూపే కార్యాలయాన్ని నడిపినదీ, చాలా సందర్భాలలో పని ఇచ్చినదీ ప్రభుత్వమే. అయినా శిక్షణపై వెచ్చించిన ప్రజాధనానికీ ఉద్యోగానికీ మధ్య చట్టబద్ధమైన ముడి పడలేదు. ఆ లోటు చారిత్రకంగా ఎలా ఏర్పడిందో, విశాఖలో దాని పర్యవసానాలు ఏమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

నిధుల బాధ్యత: కేంద్రం నుంచి రాష్ట్రానికి

రెండో ప్రపంచ యుద్ధం ముగింపుకు వచ్చిన వేళ, సైన్యం నుంచి విడుదలయ్యేవారికి పని చూపడానికి 1945 జూలైలో పునరావాస, ఉపాధి డైరెక్టరేట్ జనరల్ ఏర్పడింది. 1948లో ఉపాధి కార్యాలయాల తలుపులు పౌరులందరికీ తెరుచుకొన్నాయి. 1950లో చేతిపనివారి శిక్షణ పథకం మొదలైంది. నేటి ఐ.టి.ఐ.లకు మూలం అదే. బి. శివరావు కమిటీ సిఫారసుల మేరకు ఈ రెండింటి రోజువారీ నిర్వహణ 1956 నవంబరు 1న రాష్ట్రాలకు బదిలీ అయింది. ఆంధ్రప్రదేశ్ అవతరించిన రోజు కూడా అదే. ఖర్చులో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం భరించే ఏర్పాటు కొంతకాలం సాగింది. 1969 ఏప్రిల్ 1 నుంచి ఆర్థిక నియంత్రణ కూడా రాష్ట్రాలకే చేరింది. విశాఖలో కంచరపాలెం ఈ రెండు సేవలకూ చిరునామా అయింది. అక్కడ ప్రభుత్వ ఐ.టి.ఐ. ఉంది, ఉపాధి కార్యాలయమూ ఉంది.

ఖాళీల ప్రకటన చట్టం – దాని పరిమితి

ఖాళీలను ఉపాధి కార్యాలయాలకు తప్పనిసరిగా తెలియజేయాలన్న చట్టం 1959లో వచ్చింది. ప్రభుత్వ రంగ సంస్థలకూ, 25 మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలకూ ఇది వర్తించింది. కానీ ఆ కార్యాలయం పంపినవారినే నియమించాలన్న నిర్బంధం యజమానిపై లేదని చట్టంలోని 4వ సెక్షనే స్పష్టం చేసింది. ఖాళీ దాచిన యజమానికి ఆ చట్టం ప్రకారం మొదటి తప్పుకు జరిమానా 500 రూపాయలకు మించేది కాదు.

ఈ పరిమితి మార్గదర్శన సేవనూ బలహీనపరచింది. రెండో పంచవర్ష ప్రణాళిక కాలంలో ఉపాధి కార్యాలయాలలో వృత్తి మార్గదర్శన విభాగాలు మొదలయ్యాయి. విశ్వవిద్యాలయాలలో ఉపాధి సమాచార, మార్గదర్శన కేంద్రాలు వెలిశాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోనూ అటువంటి కేంద్రం ఉంది. ఫిట్టర్ పని నేర్చుకోవాలా, వెల్డర్ పని నేర్చుకోవాలా అని అడిగిన యువకునికి సరైన సలహా ఇవ్వాలంటే ఏ సంస్థలో ఏ పనికి ఎందరు కావాలో తెలియాలి. ఆ సమాచారానికి ఆధారం యజమానులు మూడు నెలలకొకసారి సమర్పించే నివేదికలే. అవి సక్రమంగా అందనిచోట సలహాకు పునాది ఉండదు.

1961 నాటి అప్రెంటిస్ చట్టం ఒక అడుగు ముందుకు వేసింది. కర్మాగారంలోనే పని నేర్పే బాధ్యతను యజమానికి అప్పగించి, దానికి అనుబంధమైన సైద్ధాంతిక బోధన ఖర్చును ప్రభుత్వంపై ఉంచింది. కానీ శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం అందులోనూ లేదు.

ఉక్కు ఉద్యమం, నిర్వాసితులు

‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న నినాదాన్ని ఈ నేపథ్యంలో చదవాలి. 1966 ఉద్యమంలో రాష్ట్రవ్యాప్తంగా 32 మంది ప్రాణాలు కోల్పోయారు. చట్టంలో లేని ‘హక్కు’ అన్న మాట ప్రజల నోట పుట్టింది. భూములు కోల్పోయిన కుటుంబాలకు ఇచ్చిన ‘ఆర్ కార్డు’ ఆ మాటకు కాగితరూపం. అయితే కార్డు పొందినవారందరికీ కర్మాగారంలో స్థానం దొరకలేదు. సేద్యం తెలిసినవారికి ఉక్కు పని నేర్పడం ఒక్కటే సమస్య కాదు. నేర్చినవారికి కొలువు ఎవరు ఇవ్వాలన్న ప్రశ్న మిగిలింది.

న్యాయస్థానాల తీర్పులు

ఉపాధి కార్యాలయ కార్డుకు దశాబ్దాలపాటు విలువ తెచ్చినవి చట్టం కాదు, ప్రభుత్వ ఆదేశాలు. ప్రభుత్వ నియామకాలను ఆ కార్యాలయం పంపినవారికే పరిమితం చేసే ఆదేశాలను సుప్రీంకోర్టు 1987లో హరగోపాల్ కేసులో సమర్థించింది. 1996లో కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖకు సంబంధించిన కేసులో మాత్రం పత్రికా ప్రకటన కూడా ఇవ్వాలనీ, దరఖాస్తు చేసినవారందరినీ పరిశీలించాలనీ చెప్పింది. సమానావకాశం దృష్ట్యా ఇది న్యాయమైన తీర్పే. కానీ ఏళ్ల తరబడి వరుసలో వేచిన అభ్యర్థి కార్డుకు అంతవరకూ ఉన్న ప్రాధాన్యం తగ్గింది.

ముగింపు

2014లో రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 2015లో శిక్షణ విభాగం కేంద్ర కార్మిక శాఖ నుంచి నైపుణ్యాభివృద్ధి మంత్రిత్వ శాఖకు మారింది. ఉపాధి విభాగం కార్మిక శాఖలోనే ఉండిపోయింది. 1945 నుంచి ఒకే డైరెక్టరేట్‌లో పెరిగిన రెండు సేవలు ఈ విధంగా వేరుపడ్డాయి. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి ఉపాధి కార్యాలయాన్ని ‘కెరీర్ సెంటర్’ అని వ్యవహరించింది. పేరు మారినా, అక్కడి నుంచే నియమించాలన్న నిర్బంధం లేదన్న పాత సూత్రం మారలేదు.

2021 జనవరిలో కేంద్రం ఉక్కు సంస్థలో తన వాటాను పూర్తిగా ఉపసంహరించుకోవడానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. విశాఖలో చట్టం కల్పించని ముడిని కొంతవరకైనా నిలిపింది ప్రభుత్వమే యజమాని కావడం. ఆ స్థానం సందేహంలో పడితే, శిక్షణకు నిధులు ఎన్ని పెరిగినా నేర్చిన పనికి చోటు చూపే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న తిరిగి ముందుకు వస్తుంది. నిధుల చరిత్రను కేటాయింపుల పద్దుగా మాత్రమే కాక, ఈ బాధ్యత చరిత్రగా కూడా రాయవలసి ఉంది.